ఒకే తారీకున రెండుసార్లు పుట్టినవాడు

"ఒకే మనిషి ఒకే తారీకున రెండుసార్లు పుట్టడం చరిత్రలో లేదయ్యా వరహాలూ."

"నాను సరిత్ర సదువుకోనేదు సార్."

"నువ్వు చదువుకోకపోయినా నీ సర్వీసు పుస్తకం చెబుతోందిగా. ఇదుగో, ఏప్రిల్ ఆరు, పంతొమ్మిదివందల ముప్పై. మరి అర్జీలో ఏం రాయించావు? ఏప్రిల్ ఆరు, పంతొమ్మిదివందల నలభై రెండు. తారీకు అదే, నెల అదే. మధ్యలో పన్నెండేళ్ళు మాత్రం మాయం."

"మాయం అవనేదు సార్. అవి నావి. నాకిచ్చీమంటన్నాను."

విశాఖపట్నం హార్బరులో ఓడల సరుకు ఎత్తి దించే ఒక కంపెనీ ఆఫీసులో, 1988 ఫిబ్రవరి పన్నెండో తారీకు పొద్దున్న జరిగిన విచారణ ఇది. అడుగుతున్నది లేబర్ ఆఫీసరు అచ్యుతరామయ్య, బందరు మనిషి. ఏ తారీకున లోకంలో ఏం జరిగిందో, ఎవరు పుట్టారో నోటుపుస్తకంలో రాసుకుని, రోజూ పొద్దున్నే క్యాంటీను నల్లబల్ల మీద ఎక్కిస్తేగాని ఆయనకు టీ గొంతు దిగదు. చేతులు కట్టుకుని నిలబడ్డవాడు కళాసీ వరహాలు. అతని పక్కన నేల మీద కూర్చున్న పెద్దావిడ అతని తల్లి దేముడమ్మ. కుర్చీ వేస్తే వద్దంది, కుర్చీలో కూర్చుంటే తనకు మాట రాదట.

"ఇవాళ నల్లబల్ల చూశావా?"

"సూసాను సార్. ఎవరో ఇద్దరు దొరల పేర్లు రాసారు."

"లింకన్, డార్విన్. ఒకాయన బానిసల్ని విడిపించాడు, ఇంకొకాయన మనిషి పుట్టుక సంగతి తేల్చాడు. ఇద్దరూ ఒకే రోజు పుట్టారు, ఒకే సంవత్సరం. పద్దెనిమిదివందల తొమ్మిది, ఫిబ్రవరి పన్నెండు."

"ఆళ్ళదీ ఒకటే గేంగా సార్?"

"గేంగేమిటి, ఒకడిది అమెరికా, ఇంకొకడిది ఇంగ్లండు."

"ఏమో సార్. ఇద్దరికీ ఒకటే తారీకంటే మేస్త్రీ ఒకడే అయ్యుంటాడని."

"పరాచికాలు చాలు. ముప్పై ఏప్రిల్ ఆరు ఏ రోజో తెలుసా నీకు?"

"ఉప్పు రోజు సార్. గాందీగారు ఉప్పు తీసిన రోజు."

"నలభై రెండు ఏప్రిల్ ఆరు?"

"బాంబుల రోజు. జపానోడు మన హార్బరు మీద బాంబులేసిన రోజు."

"భేష్. అదే తారీకున పంతొమ్మిదిలో దేశమంతా హర్తాళ్. అంతకుముందు పద్దెనిమిదివందల తొంభై ఆరులో ఏథెన్సు పట్నంలో మొదటి ఒలింపిక్సు. ఒక్క తారీకు, నాలుగు ఘట్టాలు. ఇప్పుడు అయిదోదిగా నువ్వు తయారయ్యావు."

"నన్ను ఆళ్ళలో కలపకండి సార్. నా పన్నెండేళ్ళు నాకిచ్చీండి, సాలు."

"ఇవ్వకపోతే?"

"ఏప్రిల్ ముప్పయ్యిన ఇంటికి పంపించీస్తారు, యాబై ఎనిమిది నిండిపోనాయని. మల్కాపురం కోటర్సు కాళీ సెయ్యాల. నా పెద్దది పదో తరగతి, సిన్నోడు ఆరు. ఆళ్ళకి ఏటని సెప్పను? మీ అయ్య ఉప్పు రోజున పుట్టీసినాడు, పుస్తకాలు మూసీయండర్రా అని సెప్పనా?"

"అసలు ఆ ఉప్పులోకి ఎలా వెళ్ళావు నువ్వు?"

"అర్జునరావు మేస్త్రీ వల్ల సార్. యాబై అయిదులో నన్ను గేంగులో సేర్చడానికి తీసుకొచ్చాడు. ఇరవై ఒకటి నిండాలన్నారు గుమస్తాగారు. ఎప్పుడు పుట్టావురా అన్నారు. నాకేటి తెలుసు. ఎనకాల్నుంచి మేస్త్రీ, ఉప్పు రోజున పుట్టాడు బాబూ అనీసినాడు. ఆయనకి తెలిసిన తారీకు అదొక్కటే. కుర్రతనంలో జెండా పట్టుకుని సముద్రం ఒడ్డుకి ఉప్పు ఒండడానికి ఎల్లాడంట. కానిస్టేబులు కుండ బద్దలుకొట్టీసినాడంట. ఆ తారీకు ఇంకా మర్సిపోనేదు. ఎవుణ్ణి తెచ్చినా ఉప్పు రోజే. మా గేంగులో పదకొండుమందిమీ ఉప్పు రోజున పుట్టినోళ్ళమే."

"అదే నా ప్రాణం తీస్తోంది. పదకొండుమందీ ఒకే సాయంత్రం రిటైరవుతారు. పదకొండు దండలు, పదకొండు గొడుగులు, పదకొండు ఉపన్యాసాలు. మర్నాడు పొద్దున ఓడ ఆగే బెర్తు మీద సరుక్కి హుక్కు తగిలించేవాడు ఉండడు. మేనేజరుగారు నా పీక పట్టుకుంటారు."

"అందుకే సార్, నన్నొక్కణ్ణయినా ఉంచీండి. మీ పీకకీ మంచిది."

"సరే, నువ్వు చెప్పినట్టు నలభై రెండులోనే పుట్టావనుకుందాం. అంటే యాభై అయిదులో నీకు పదమూడేళ్ళు. పదమూడేళ్ళ పిల్లవాడికి ఆ గుమస్తా ఇరవై అయిదు ఎలా రాశాడయ్యా?"

"ఒడ్డూ పొడుగూ అలగుండీవోణ్ణి సార్. మాది పెద్ద ఒళ్ళు."

"మీసం?"

"అదీ మేస్త్రీయే దిద్దాడు. బొగ్గుతో."

"దేవుడా. సరే, ఇంకో అనుమానం. మీ గేంగువాళ్ళు ఇప్పటికి పదిమంది వచ్చారు. పదిమందీ బాంబుల రోజునే పుట్టామన్నారు. ఆ రోజు ఈ ఊరి జనం పారిపోయారా, పురుళ్ళు పోసుకున్నారా?"

"మీ సర్కులరు అలగుంది సార్. సర్టిఫికెట్టు నేనోడు, ఊళ్ళో పెద్దగా జరిగిన ఏదో ఒక సంగతి పట్టుకుని, ఆ రోజున పుట్టానని కళ్ళతో సూసినోళ్ళని తెచ్చుకోవాలన్నారు. సూస్తే నాలుగే సంగతులు రాసున్నాయి. ముప్పైలో ఉప్పు. ముప్పై మూడులో హార్బరు తెరవడం. నలబై రెండులో బాంబులు. నలబై ఎనిమిదిలో జలఉష ఓడ నీళ్ళలోకి దింపడం. నలబై ఎనిమిది అన్నామంటే మీరు తన్ని తగిలేస్తారు. ముప్పై మూడంటే మూడేళ్ళే వస్తాయి, మూడేళ్ళకి ఎవుడు తగువాడతాడు. ఇంక మిగిలినవి బాంబులే కదా సార్."

"లెక్క బాగానే చూసుకున్నారు."

"సార్, ఒక మాట. ముప్పై ఆరులో మన ఊళ్ళో ఏటీ అవనేదా?"

"జాబితాలో లేదు. ఏం?"

"ఊరికే అడిగాను."

"ముప్పై ఆరుతో నీకేం పని?"

"ఏటీ నేదు సార్. సరి సంక్య కదా అని."

"వరహాలూ, నాతో దోబూచులాడకు. ఆ పది అర్జీలూ కొట్టేశాను. ఎందుకో తెలుసా? సత్యం తెచ్చిన మేనత్త అతని కన్నా చిన్నది. రమణమూర్తి వాళ్ళ అమ్మగారు, పెరట్లో బాంబు పడి పేలలేదని, దాన్ని బోర్లించి ముప్పయ్యేళ్ళు పీటగా వాడుకున్నామని చెప్పింది. పోనీలే పెద్దవాళ్ళు అనుకున్నా, అందరిదీ ఒకటే పాఠం. బాంబు పడింది, నొప్పులొచ్చాయి, భర్త పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు, కొడుకు పుట్టాడు. పదిమంది భర్తలూ చెయ్యి పట్టుకునే కూర్చున్నారు. నెత్తిన బాంబులు పడుతుంటే ఏ మగాడయ్యా పురిటింట్లో కూర్చునేది? మామూలు రోజుల్లోనే కూర్చోడు. నువ్వూ అదే పాఠం నేర్పి తెచ్చుంటే ఇప్పుడే చెప్పెయ్యి, పెద్దావిణ్ణి శ్రమపెట్టడం ఎందుకు."

"మాయమ్మకి పాఠం నేర్పడం ఎవుడి వల్లా కాదు సార్. మీరే సూస్తారు."

"దేముడమ్మగారూ, ఇక మీరు చెప్పండి. జరిగింది జరిగినట్టు."

"సెప్తాను బాబూ. ఈడు మద్దెలో నా మాట కొయ్యకుండా సూడండి, సాలు."

"అమ్మా, పురుడు సంగతొక్కటీ సెప్పు. మిగతావి అక్కర్నేదు."

"అదిగో, కోస్తన్నాడు."

"నువ్వు ఊరుకో వరహాలూ. చెప్పండమ్మా. అప్పుడు ఎక్కడుండేవారు?"

"కోటవీది ఎనకాల పాకలో ఉండీవోళ్ళం బాబూ. ఆ రోజు పొద్దున్నుంచే నడుం లాగుతున్నాది. గంగాలమ్మని పిలిపించాను, మంత్రసాని. సూసి, ఇంకా శానా పొద్దుంది దేముడూ, గంజి తాగి పడుకో అంది. నాను మంచం మీద కూకుని గంజి తాగుతన్నాను. పైన తుమ్మెద రొద లాగ సప్పుడు. ఇమానాలంట. మాకేటి తెలుసు బాబూ, దేవుడి ఊరేగింపు వచ్చినట్టు అందరూ ఈదిలోకి ఎల్లి సూస్తన్నారు. అంతలోకి దబ్బుమని. నేల అదిరీసింది. గంజంతా నా ఒళ్ళో పడిపోనాది. ఇటు తిరిగి సూద్దును కదా, గంగాలమ్మ నేదు."

"పారిపోయిందా?"

"మంచం కింద దూరీసింది. మంత్రసాని మంచం కింద, నాను మంచం మీద. రావే అంటే రాదు. నువ్వే కిందకి దిగు దేముడూ, ఇక్కడ కంటావులే అంటాది."

"ఈ ముక్క పదిమందిలో ఎవరూ చెప్పలేదు. రాసుకుంటున్నాను. ఇది తొలి కాన్పా?"

"ఆ?"

"మొదటి పురుడేనా అమ్మా?"

"ఆ... ఆ. తొలిసూలే బాబూ."

"ఆలోచించారేం?"

"ముసిల్దాన్ని కదా, లెక్కెట్టుకోవాల."

"తొలిచూలుకి లెక్కేమిటమ్మా?"

"ఒకటి కదా బాబూ. ఎట్టుకున్నాను."

"ఊఁ. అప్పుడు మీవారు ఎక్కడున్నారు? పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకున్నారా?"

"ఎవుడూ? ఆడా? సెయ్యి పట్టుకోవడమా? పారిపోయాడు బాబూ."

"అమ్మా, ఆ సంగతి ఇప్పుడు ఎందుకే."

"ఎందుకేటిరా. ఈ సంగతి సెప్పకపోతే నాకు తిన్నది అరగదు. ఇనండి బాబూ. నా మొగుడు పేరు పైడయ్య. ఈదిలోకి ఎల్లినోడు బాంబు పడ్డాక ఒక్కసారి గుమ్మంలోకి తొంగిసూసాడు. పాకంతా ఓసారి కలియసూసాడు. ఇప్పుడే వస్తాను దేముడూ అన్నాడు. అంతే. ఊరు ఊరంతా సింహాచలం ఏపు పోతంటే ఈడు బీమిలీ తోవ పట్టాడు. నాను సెప్పడం కాదు, మా ఈది పోతమ్మ కళ్ళారా సూసింది. పంచె ఎగ్గట్టి, బళ్ళ మద్దెలోంచి లగెత్తుకుని పోతన్నాడంట. పైడయ్యా, నీ పెళ్ళాం నొప్పులు పడతన్నాది కదరా అని కేకేస్తే పలకనేదంట."

"అమ్మా, పోతమ్మకి సూపు సరిగ్గా ఆనదు కదే."

"అప్పుడు బాగానే ఆనీది. నాను ఆ నొప్పుల్లో గుమ్మం కేసి సూస్తా కూకున్నాను బాబూ. వస్తాడు, ఇదిగో వస్తాడు అని. రానేదు. ఆకరికి పక్కింటి సూర్యకాంతమ్మ మావగారు వచ్చి, మంచం కిందనుంచి గంగాలమ్మని కాలట్టి లాగి, ఇద్దరినీ బండెక్కించాడు. గోపాలపట్నం ఇంకా దాటనేదు, బండిలోనే పురుడైపోనాది. బొడ్డు కొయ్యడానికి కత్తిపీట నేదు. బండోడి కొడవలి అడిగి తీసుకున్నారు. ఆ ఎద్దులు ఆగవు, గంగాలమ్మ కళ్ళు తెరవదు. ఎలగ బతికామో ఆ అప్పన్నకే తెలియాల."

"మీవారు మళ్ళీ ఎప్పుడు వచ్చారు?"

"మర్నాడు సందేళ. అడిగి అడిగి గోపాలపట్నం వచ్చాడు, సంకనెట్టుకుని."

"ఎవర్ని?"

"అమ్మా, గొంతు ఆరిపోతన్నాదా? నీళ్ళు తాగుతావా?"

"నువ్వుండు వరహాలూ. ఎవర్ని చంకనెట్టుకుని వచ్చారమ్మా?"

"కోడిని బాబూ."

"కోడినా?"

"పుంజు. పెళ్ళాన్ని ఒగ్గీసి పుంజుని సంకనెట్టుకుని పారిపోయాడు. మర్నాడు దాన్నే తిప్పి తెచ్చాడు."

"ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఇలాంటిది నేను వినలేదు."

"నానూ ఇప్పుడే ఇంటన్నాను సార్."

"ఏమిటీ?"

"అంటే, ఎన్నిసార్లు ఇన్నా కొత్తగా ఉంటాది సార్."

"మీరు అడగలేదా అమ్మా, ఎందుకు వెళ్ళావని?"

"అడక్కుండా ఉంటానా? ముప్పై నాలుగేళ్ళు అడిగాను బాబూ, రోజూ అడిగాను. అన్నం ఎట్టినప్పుడల్లా అడిగాను. తల దించుకునీవోడు. తప్పయిపోనాది దేముడూ అనీవోడు. అంతకు మించి ఒక్క ముక్క రాదు. ఈది ఈదంతా బీమిలీ పైడయ్య అని పేరెట్టీసినారు. పైన ఇమానం పోయిందంటే సాలు, లగెత్తు పైడయ్యా, లగెత్తు అని గుంటలు కేకలేసీవోరు. నవ్వీసి ఊరుకునీవోడు. పోయి పన్నెండేళ్ళయ్యింది. పోయీటప్పుడు కూడా ఆ మాటే అన్నాను బాబూ. అప్పుడూ ఒగ్గీసి ఎల్లావు, ఇప్పుడూ ఒగ్గీసి ఎల్తన్నావు అన్నాను. ఏడుపొచ్చీసి అన్నాను. అన్నమాట అన్నట్టే ఉండిపోనాది."

"ఇంక సాల్లేయే అమ్మా."

"ఈడికి ఆ అయ్యంటే పేనం బాబూ. ఆడు పోయిన కాడ్నుంచి నాను ఆడిని ఒక్క మాటంటే ఈడు కంచం ముందునుంచి లేసి ఎల్లిపోతాడు."

ఆ తర్వాత అచ్యుతరామయ్య పావుగంట సేపు తిప్పి తిప్పి అడిగాడు. విమానాలు ఎటునుంచి వచ్చాయి, ఎండ ఎంతుంది, బండివాడి పేరేమిటి, గంగాలమ్మను ఏ కాలు పట్టి లాగారు. దేముడమ్మ దేనికీ తడుముకోలేదు. ఎటు తిప్పి అడిగినా చివరికి పైడయ్య దగ్గరికే వచ్చి ఆగేది. వరహాలు గోడకున్న క్యాలెండరు కేసి చూస్తూ నిలబడ్డాడు.

"వరహాలూ, నీ అర్జీ ఒప్పుకుంటున్నాను."

"నిజంగానా సార్?"

"నిజంగానే. నువ్వు నలభై రెండు ఏప్రిల్ ఆరునే పుట్టావు. పన్నెండేళ్ళు నీవే. ఎందుకు నమ్మానో తెలుసా? ఉత్త పురుడు కథే అయితే పదింటితో పాటు పదకొండోది అనుకుని కొట్టేసేవాణ్ణి. కానీ కట్టుకున్నవాడు పిరికివాడని, ఆఫీసుకొచ్చి, కాగితం మీద అబద్ధం చెప్పి వేలిముద్ర వేసే ఇల్లాలు మన దేశంలో లేదు. ఈ పారిపోవడం ఉంది చూశావూ, ఇదే నీ సాక్ష్యం. ఇది లేకపోతే నీ దగ్గర ఏమీ లేదు."

"ఇన్నావా వరహాలూ. మీ అయ్య పారిపోవడం ఇన్నాళ్ళకి పనికొచ్చింది."

"ఇన్నాను."

"ఇదుగో, వాంగ్మూలం చదువుతున్నాను, ఇద్దరూ వినండి. 'సదరు పైడయ్య అనునతడు బాంబుల భయముచేత, నొప్పులు పడుచున్న భార్యను నిర్దయగా విడిచి, ఒక కోడిపుంజును చంకనిడుకొని భీమునిపట్నం దిక్కుగా పారిపోయెను. మరునాటి సాయంకాలము సదరు పుంజుతో తిరిగివచ్చెను. ఈ సంగతి ఊరందరికీ తెలియును.' దీని కింద మీ వేలిముద్ర అమ్మా. పైన చెప్పినదంతా నిజమని దాని పక్కన నీ సంతకం వరహాలూ."

"బాగా రాసారు బాబూ. నిర్దయగా అన్నారు సూడండి, అదీ మాట."

"సార్, ఆ భయముచేత అన్న ముక్క తీసీండి."

"తీసి ఏం పెట్టమంటావు?"

"పనుండి ఎల్లాడని రాయండి."

"బాంబులు పడుతుంటే, భార్య నొప్పులు పడుతుంటే, కోడిపుంజుతో భీమిలీలో ఏం పనయ్యా?"

"పోనీ కోడిని తీసీండి."

"కోడి లేకపోతే ఇది నేను కల్పించానంటారు. కోడి ఉండాల్సిందే."

"ఈ కాయితం ఎక్కడుంటాది సార్?"

"ముందు పదిహేను రోజులు నోటీసు బోర్డు మీద. ఎవరికన్నా అభ్యంతరముంటే చెప్పాలి కదా. తర్వాత నీ సర్వీసు పుస్తకంలో, నువ్వున్నన్నాళ్ళూ."

"బోర్డు మీదా? మా గేంగోళ్ళు సదివీస్తారు సార్. కేంటీన్లో పైకి సదూతారు."

"చదవనీ. అసూయతో చదువుతారు. ఇంకోటి విను. ఏప్రిల్ ఆరున నల్లబల్ల మీద ఒలింపిక్సు, హర్తాళ్, ఉప్పు, బాంబులు, వాటి కింద నీ పేరు నేనే స్వయంగా రాస్తాను. ఫలానా పైడయ్యగారి కుమారుడు వరహాలు జన్మదినమని."

"మా అయ్య పేరు రాయకండి సార్."

"ఏమయ్యా, సిగ్గుపడుతున్నావా? అందులో నీ తప్పేముంది. ఎవరి నాన్న ఎలాంటివాడైతే ఏం. సంతకం పెట్టు."

"ఒరే, ఎట్టరా. పోయినోడికి ఇంక సిగ్గేటి? ఉన్నన్నాళ్ళూ మనకి ఏటీ కూడబెట్టనేదు. పోయాక పన్నెండేళ్ళు ఇస్తన్నాడు. తీసుకో."

"నీకు తెలీదే అమ్మా."

"నాకు తెలీకపోవడమేటి, కన్నది నాను."

"కన్నది నువ్వే. అప్పుడు నువ్వు బండిలో ఉన్నావు. బీమిలీ తోవలో ఏటయ్యిందో నువ్వు సూడనేదు."

"నువ్వు చూశావా వరహాలూ?"

"ఎక్కడ ఎట్టమంటారు సార్ సంతకం?"

"ఇక్కడ. మీ అమ్మగారి వేలి పక్కన."

"కలం రాయట్నేదు సార్."

"మూత తియ్యి, రాస్తుంది."

"తీసాను."

"ఊఁ, 'వ' రాశావు. ఆపావేం?"

"సార్, మా అయ్యకి ఆకరి రోజుల్లో మాట పడిపోయీ ముందు, నా సెయ్యి పట్టుకుని ఒక మాటన్నాడు. మీ అమ్మకి ఎప్పుడూ సెప్పకురా అన్నాడు. మొగగుంటడివి, ఆ పేరు నీకెందుకు, నాకెలాగూ వచ్చీసింది, నాకే ఉండనీ అన్నాడు."

"ఏటిరా సెప్పొద్దన్నాడు? నాకా? ఏటది?"

"వరహాలూ, ఆగు. నా మాట విను. ఇప్పుడు నువ్వు నోరు తెరిస్తే ఈ కాగితం చించెయ్యాల్సి వస్తుందేమోనని నాకు అనుమానంగా ఉంది. పన్నెండేళ్ళు. పిల్లల చదువు. ఇల్లు. ఆలోచించుకుని మాట్లాడు."

"రెండు నెలలుగా ఆలోసిస్తన్నాను సార్. పురుడొక్కటీ సెప్పించి తీసుకెల్లిపోదామనుకున్నాను. ఇలగ కాయితం మీద ఎక్కుతాదనుకోనేదు. బతికున్నన్నాళ్ళూ మా అయ్యని అందరూ అన్నారు. నాను ఎదురుగా కూకుని అన్నం తింటా ఇన్నాను. ఒక్కనాడు నోరిప్పనేదు. ఇప్పుడు సంతకం కూడా ఎట్టీమంటే, నా వల్ల కావట్నేదు సార్."

"ఏటి నీ వల్ల కావట్నేదురా? సరిగ్గా సెప్పి సావు. ఆడు బీమిలీ ఎల్లనేదా?"

"ఎల్లాడే అమ్మా. లగెత్తుకునే ఎల్లాడు. పోతమ్మ సూసింది నిజమే. బళ్ళన్నీ ఆపి, ఒక్కో బండిలోకీ తొంగిసూస్తా ఎల్లాడు. రాత్రల్లా ఎతికాడు. తెల్లారి బీమిలీ సత్రం అరుగు మీద దొరికాడు ఆ గుంటడు. బాంబు సప్పుడికి బెదిరిపోయి, ముందెల్తన్న బండి ఎవుడిదో కూడా సూసుకోకుండా ఎక్కీసి, అమ్మని నొప్పుల్లో ఒగ్గీసి పారిపోయిన గుంటడు. మా అయ్య ఆణ్ణి ఒక్క దెబ్బ కొట్టనేదు సార్. సంకనెట్టుకుని అంత దూరం నడిచొచ్చాడు."

"ఆగాగు. గుంటడెవరు? ఆ బండిలో పుట్టింది నువ్వు కదయ్యా?"

"బండిలో పుట్టింది మా సెల్లి గౌరీశ్వరి. పారిపోయింది నాను సార్. అప్పటికి నాకు ఆరేళ్ళు."